అట్టడుగు ఇంటికి అందే సంఘ నిధి: మొదలు నుంచి ఏడాది చివరి పంపకం దాకా

ఇరవై మంది కలిసి డబ్బు పోగుచేసుకుని ఒకరికొకరు ఆసరాగా నిలవడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ఒక పెట్టె, కొన్ని పాస్‌పుస్తకాలు, వారానికి గంటన్నర సమయం, అందరికీ నోటికి వచ్చే నాలుగైదు నియమాలు చాలు. సభ్యులు వారం వారం వాటాలు కొని పొదుపు చేస్తారు, ఆ డబ్బులోంచే వడ్డీకి అప్పులు తీసుకుంటారు, ఏడాది చివర పొదుపును, వడ్డీని వాటాల ప్రకారం పంచుకుంటారు. అయితే సంఘం పెట్టినంత మాత్రాన అసమానత తగ్గిపోదు. లెక్క తప్పితే లేనివాళ్లు కట్టిన వడ్డీ ఉన్నవాళ్ల చేతికి చేరుతుంది, పైకి మాత్రం అందరూ కలిసికట్టుగా ఉన్నట్టే కనిపిస్తుంది. అది ఎలా జరుగుతుందో, ఎలా ఆపాలో అంకెలతో సహా చెప్పడమే ఈ మార్గదర్శి పని. అంకెలన్నీ ఉత్త సంఖ్యలుగానే ఇచ్చాం. మీ డబ్బులోకి, మీ ఆదాయాలకు తగ్గట్టు మార్చుకోండి.

చందాలు పోగుచేసి పంచడం తేలిక కదా, ఇంత ఏర్పాటు ఎందుకని చాలామంది అడుగుతారు. జర్మనీలో వయర్‌బుష్ మేయర్‌గా ఉన్న ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ రైఫైజెన్ 1846-47 చలికాలపు కరువులో సరిగ్గా ఆ దారే పట్టాడు. ఉన్నవాళ్ల డబ్బుతో పిండి తెప్పించి పేదలకు రొట్టె అప్పుగా ఇప్పించాడు. ఆ తర్వాత పెట్టిన సహాయ సంఘాలూ ఉన్నవాళ్ల మంచితనం మీదే నడిచాయి. ఆ ఉత్సాహం చల్లబడ్డాక అవి నిలవవని తెలిశాక, 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో అప్పు తీసుకునేవాళ్లే సభ్యులుగా ఉండే సంఘాన్ని పెట్టాడు. దానం ఇచ్చేవాడి మనసు మీద ఆధారపడుతుంది. సభ్యత్వం ఉంటే నియమం ప్రకారం అడిగి తీసుకోవచ్చు.

ముందు ఎవరు బయట ఉన్నారో తేల్చండి

సంఘం పెడుతున్నామని చాటింపు వేస్తే వచ్చేది మాటకారులు, తీరిక ఉన్నవాళ్లు, అంతో ఇంతో నిలదొక్కుకున్నవాళ్లు. అందరికన్నా వెనకబడ్డ ఇంటివాళ్లు "మాలాంటివాళ్లకు కాదులే" అనుకుని ఆగిపోతారు. అందుకే పిలుపు కన్నా ముందు జాబితా తయారు కావాలి.

ఇంటింటికీ నడిచి ప్రతి ఇంటికీ ఒక చీటీ రాయండి. పాత జాబితాలు చూసి రాయొద్దు. అద్దెకు ఉండేవాళ్లు, కొత్తగా వచ్చినవాళ్లు, కాగితాలు లేనివాళ్లు, ఒంటరి ముసలివాళ్లు వాటిలో ఉండరు. చీటీలు సిద్ధమయ్యాక ముగ్గురు నలుగురు చొప్పున కనీసం మూడు జట్లను విడివిడిగా కూర్చోబెట్టండి. ఒకటి ఆడవాళ్లది, ఒకటి కూలికి వెళ్లేవాళ్లది, ఒకటి పెద్దవాళ్లది అయితే బాగుంటుంది. ప్రతి జట్టూ చీటీలను నాలుగు కుప్పలు చేయాలి. 1వ కుప్ప బాగా ఉన్న ఇళ్లు, 4వ కుప్ప రోజు గడవడమే కష్టమైన ఇళ్లు. జట్టు పేర్చిన అంకెను ప్రతి చీటీ వెనక రాయండి.

మూడు జట్లూ ఒకే కుప్పలో వేసిన ఇళ్ల గురించి ఆలోచించక్కర్లేదు. ఒకరు 2లో, మరొకరు 4లో వేసిన ఇంటికి మాత్రం స్వయంగా వెళ్లండి. ఆ తేడాలోనే అసలు సంగతి ఉంటుంది. పైకి ఇల్లు బాగుంటుంది, లోపల వైద్యం అప్పులుంటాయి. మగవాళ్లకు తెలియనిది ఆడవాళ్లకు తెలుస్తుంది. చివరి జాబితాను గోడకు అంటించొద్దు, ఎవరి మొహం మీదా పేదవాడని రాసినట్టు కాకూడదు. సభ్యత్వానికి ముందుగా ఎవరింటికి వెళ్లాలో తెలుసుకోవడానికే ఆ జాబితా. మొత్తం సభ్యుల్లో కనీసం మూడో వంతు 4వ కుప్ప నుంచి వచ్చేలా చూడండి. ఇరవైలో ఏడుగురన్నమాట. సంఘంలో ఒకరిద్దరే ఉంటే వాళ్లు నోరు విప్పరు.

ఎంతమంది, వాటా ఎంత

15 నుంచి 25 మంది సరిపోతారు. పదిహేను కన్నా తక్కువైతే నిధి చిన్నదై అప్పు అడిగినవాళ్లు వారాల తరబడి ఆగాలి. పాతిక దాటితే సమావేశం మూడు గంటలు సాగుతుంది, చంటిబిడ్డ తల్లి, పూటకూలి మనిషి మొదట మానేస్తారు. పెట్టె, వాటాలు, ఏడాదికోసారి పంపకం ఉన్న ఈ పద్ధతి 1991లో నైజర్ దేశంలో కేర్ అనే అంతర్జాతీయ సహాయ సంస్థ మొదలుపెట్టిన మహిళా సంఘాల నుంచి చాలా దేశాలకు పాకింది. చదువు రానివాళ్లు కూడా నడుపుకోగలగడమే అందుకు కారణం.

వాటా విలువ తేల్చడంలోనే చాలా సంఘాలు పొరపాటు చేస్తాయి. అందరినీ వరుసగా కూర్చోబెట్టి "వారానికి ఎంత కట్టగలరు?" అని అడిగితే పరువు కోసం ఎక్కువ చెబుతారు. ఒక్కొక్కరినీ విడిగా, "పని దొరకని వారంలో ఎంత మిగులుతుంది?" అని అడగండి. వచ్చిన జవాబుల సగటు తీసుకోవద్దు, అన్నిటికన్నా చిన్న అంకెను తీసుకోండి. ఆ అంకె 12 అనుకుందాం. అందులో 2 ఆపద నిధికి, అంటే మరణం, జబ్బు లాంటివి వచ్చినప్పుడు ఉచితంగా సాయం చేసే నిధికి; 10 ఒక వాటాకు. ఒక్కో సమావేశంలో కనీసం ఒక వాటా, ఎక్కువలో ఎక్కువ ఐదు కొనొచ్చు. ఈ ఐదు గరిష్ఠాన్ని ఎవరు బతిమాలినా సడలించొద్దు. పరిమితి లేకపోతే ఇద్దరు ముగ్గురి డబ్బే నిధిలో సగమవుతుంది, ఇక వాళ్ల మాటే చెల్లుతుంది.

ముందుగా చెప్పి ఏడాదిలో ఆరు వారాలు వాటా కొనకుండా ఉండే వీలు కూడా నియమాల్లో రాయండి. ఇది లేని సంఘాల్లో డబ్బు లేని వారం సభ్యురాలు సిగ్గుపడి రాదు, రెండో వారం జరిమానా భయంతో రాదు, మూడో వారానికి పూర్తిగా మానేస్తుంది.

నియమాలు, ఎన్నిక

ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో 1844లో 28 మంది పెట్టుకున్న సహకార దుకాణం నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది: పెట్టిన డబ్బు ఎంతైనా మనిషికి ఒకే ఓటు. మీ నియమాల్లో ఇది మొదటిది కావాలి.

ఐదుగురు బాధ్యులు చాలు: అధ్యక్షురాలు, లెక్కలు రాసేవాళ్లు ఒకరు, పెట్టె దాచేవాళ్లు ఒకరు, డబ్బు లెక్కపెట్టేవాళ్లు ఇద్దరు. ఈ ఇద్దరిలో ఒకరైనా 4వ కుప్ప ఇంటి మనిషి అయి ఉండాలి. లెక్కపెట్టడానికి చదువు అక్కర్లేదు, అందరి కళ్లముందు నోట్లు పట్టుకునే మనిషికి సంఘంలో గౌరవం పెరుగుతుంది. చేతులెత్తి ఎన్నుకోవద్దు, అప్పిచ్చిన ఇంటి యజమాని ఎదురుగా ఉంటే అద్దెకుండే మనిషి చెయ్యి ఎటు లేస్తుందో అందరికీ తెలుసు. అభ్యర్థికొక సంచి పెట్టి, తెర వెనక గులకరాయి వేయించండి. ఒకే ఇంటి నుంచి ఇద్దరు బాధ్యులు వద్దు. రెండేళ్లకు మించి ఎవరూ ఒకే పదవిలో ఉండొద్దు.

జరిమానాలు చిన్నగా మొదలై పెరగాలి. ఉమ్మడి వనరులను జనం ఎలా కాపాడుకుంటారో పరిశీలించి 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్, ఎక్కువకాలం నిలిచిన ఏర్పాట్లలో చూసిన లక్షణాల్లో ఇదొకటి. ఆలస్యానికి 1, చెప్పకుండా రాకపోతే 2, మళ్లీ మళ్లీ జరిగితే సంఘం ముందు మాట్లాడించడం. మొదటి తప్పుకే సభ్యత్వం తీసేస్తే సంఘంలో బలవంతులే మిగులుతారు.

పెట్టె, పాస్‌పుస్తకం

పెట్టెకు మూడు తాళాలు. తాళంచెవులు బాధ్యులు కాని ముగ్గురి దగ్గర, పెట్టె నాలుగో మనిషి ఇంట్లో. ఇలా ఉంటే ఎవరూ ఒంటరిగా తీయలేరు, ఎవరి మీదా అనుమానం పడదు. పెట్టెలో రెండు వేరువేరు రంగుల సంచులు: ఒకటి వాటాల డబ్బుతో అప్పులిచ్చే అప్పు నిధికి, ఒకటి ఆపద నిధికి. ఒక సంచిలోంచి ఇంకో సంచిలోకి "ఈ వారానికి సర్దుకుందాం" అంటూ డబ్బు మార్చడం మొదలైన రోజే లెక్క పాడవుతుంది.

పాస్‌పుస్తకంలో ఒక్కో సమావేశానికి ఒక్కో వరుస, వరుసకు ఐదు గళ్లు. మూడు వాటాలు కొంటే మూడు గళ్లలో ముద్ర వేసి, మిగిలిన రెండు గళ్లను అక్కడికక్కడే గీత కొట్టేయాలి. ఆ గీత మరిస్తే తర్వాత ఎవరైనా ఖాళీ గడిలో ముద్ర వేసుకోవచ్చు. ముద్రను, పాస్‌పుస్తకాలను పెట్టెలోనే ఉంచి తాళం వేయండి. పుస్తకాలు ఇళ్లకు పంపితే పోతాయి, తడుస్తాయి, లేదా ఇంట్లో వేరేవాళ్లు వాటిని చూసి డబ్బు లాక్కుంటారు.

సమావేశం ఇలా సాగాలి

సభ్యులందరికీ నంబర్లు ఇచ్చి, నంబరు ప్రకారం అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టండి. ముగ్గురూ తాళాలు తీశాక కిందటి వారం ఆపద నిధి ఎంత మిగిలిందో సభ్యులనే చెప్పమనండి. పుస్తకం చూసే ముందు సభ్యులు చెప్పాలి. ఆ తర్వాత సంచి తీసి లెక్కపెట్టి, 1వ నంబరు నుంచి ఒక్కొక్కరూ 2 చొప్పున ఆపద నిధికి వేస్తారు. ఇదయ్యాక అప్పు నిధి మిగులు గుర్తుచేసుకోవడం, వాటాలు కొనడం, అప్పుల వాయిదాలు కట్టడం, కొత్త అప్పులు. చివర్లో రెండు సంచుల్లో ఎంతెంత ఉందో గట్టిగా ప్రకటించి, అందరిచేతా రెండుసార్లు పలికించి, పెట్టె మూయాలి.

ఈ పలికించడం చిన్నపిల్లల ఆటలా అనిపించి చాలామంది వదిలేస్తారు. దయచేసి వదలొద్దు. రాయడం వచ్చినవాళ్ల పెత్తనం లేకుండా లెక్క అందరిదీ అవుతుంది, పుస్తకం తడిసినా పోయినా నిధి మొత్తం ఇరవై మంది జ్ఞాపకంలో ఉంటుంది.

సమావేశం వేళ ఎవరికి వీలుగా ఉందో కూడా చూడండి. పగటిపూట పెడితే కూలివాళ్లు రోజు కోల్పోతారు, బాగా చీకటి పడ్డాక పెడితే ఒంటరి ఆడవాళ్లు రాలేరు. వేళను 4వ కుప్ప సభ్యులనే నిర్ణయించమనండి.

అప్పు, వడ్డీ: ఇక్కడే అసలు జాగ్రత్త

మామూలు నియమం ఇది: సభ్యులు తమ పొదుపుకు మూడింతల దాకా అప్పు తీసుకోవచ్చు, మూడు నెలల్లో తీర్చాలి, పాత అప్పు తీరకుండా కొత్తది లేదు. మంచి నియమమే. ఇక వడ్డీ సంగతి.

ఇరవై మంది, ఏడాదిలో 48 సమావేశాలు, సమావేశానికి సగటున 50 వాటాలు. మొత్తం 2,400 వాటాలు, అంటే 24,000 పొదుపు. నెలకు నూటికి 5 వడ్డీ పెట్టారనుకోండి, ఏడాదికి 4,800 వడ్డీ వచ్చింది. పెట్టెలో 28,800. ఒక్కో వాటా 12 అయింది. అందరూ సంతోషిస్తారు.

ఇప్పుడు ఇద్దరి పాస్‌పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు ప్రతి వారం ఐదు వాటాలు కొని 240 వాటాలు కూడబెట్టారు, అప్పు అవసరం పడలేదు. లాభం 480. ఇంకొకరు వారానికి ఒకే వాటా కొన్నారు, 48 వాటాలు. ఇరవయ్యో వారానికి పొదుపు 200 కావడంతో 600 అప్పు తీసుకుని మూడు నెలల్లో తీర్చారు, వెంటనే మరో 600 తీసుకుని దాన్నీ తీర్చారు. కట్టిన వడ్డీ 90 చొప్పున 180. వాటాల మీద వచ్చిన లాభం 96. నికరంగా 84 పోయింది. ఆ 84 ఎవరి దగ్గరకు చేరిందో పక్కనున్న పుస్తకం చెబుతోంది.

వడ్డీని నెలకు నూటికి 2 చేస్తే ఇదే లెక్కలో మొత్తం వడ్డీ 1,920, వాటా విలువ 10.80. ఒక వాటా సభ్యురాలు 72 కట్టి 38.40 వెనక్కి తీసుకుంటుంది, పోయింది 33.60. ఐదు వాటాల సభ్యుడి లాభం 192. తేడా తగ్గింది కానీ పోలేదు. అందుకని మరో మెట్టు దిగండి: వచ్చిన వడ్డీలో సగాన్ని ఆపద నిధికి మళ్లించండి. అప్పుడు ఐదు వాటాల సభ్యుడికి 96 వస్తుంది, ఆపద నిధికి అదనంగా 960 చేరుతుంది. ఒక వాటా సభ్యురాలికి పంపకంలో వచ్చేది 19.20కి తగ్గుతుంది, నిజమే. కానీ ఇంట్లో ఒక్క ఆపద వచ్చినా అందే సాయం ఆమె కట్టిన వడ్డీ మొత్తానికి రెండింతలకు పైనే ఉంటుంది.

వడ్డీ అసలే వద్దనేవాళ్లుంటారు. ధరలు పెరిగే చోట వడ్డీ లేకపోతే పొదుపు విలువ కరిగిపోతుంది, ఎక్కువ కట్టేవాళ్లు తప్పుకుంటారు, నిధి చిన్నదవుతుంది. కాబట్టి వాళ్లు ఉండిపోయేంత వడ్డీ ఉండాలి, లేనివాళ్లను పిండేంత ఉండకూడదు. ఈ లెక్కను మొదటి నెలలోనే అందరి ముందు గింజలతోనో రాళ్లతోనో పేర్చి చూపించి, ఓటు వేయించండి.

డబ్బు చాలని వారం చిన్న మొత్తం అడిగినవాళ్లకు ముందు పూర్తిగా ఇచ్చి, మిగిలింది పెద్ద మొత్తాలకు సర్దండి. ఒక్కరికే నిధిలో ఐదో వంతు మించి ఇవ్వొద్దు. వాయిదా తప్పితే మొదట ఇంటికి వెళ్లి కారణం తెలుసుకోండి. పని పోయిందా, జబ్బు చేసిందా, లేక తీర్చగలిగీ ఆపుతున్నారా అన్నది వేరువేరు సంగతులు. మొదటి రెంటికీ గడువు పెంచండి. మూడోదానికి పంపకం రోజున వాటాల్లోంచి కోసుకోండి. ఇంట్లో సామాను మాత్రం ఎప్పుడూ ముట్టుకోవద్దు.

ఆపద నిధి

వారానికి 2 చొప్పున ఇరవై మంది, 48 వారాలు: 1,920. ఒక్కో సాయం 150 అయితే పన్నెండు సాయాలకు సరిపోతుంది. పదికే లెక్క వేసుకుని మిగిలిన 420 నిల్వ ఉంచండి. మొదటి ఎనిమిది వారాలు ఎవరికీ ఇవ్వకుండా 320 పోగవనివ్వండి, లేకపోతే తొలి ఆపదకే సంచి ఖాళీ అయి నమ్మకం పోతుంది.

దేనికి ఇస్తారో ముందే రాయండి: ఇంట్లో మరణం, ఆసుపత్రిలో చేరడం, ఇల్లు కాలడం, మునగడం, సంపాదించే మనిషికి పని పోవడం. వీటికి సాయం ఉచితం, తిరిగి కట్టక్కర్లేదు. జాబితా రాసి ఉంటే అడిగేవాళ్లు కన్నీళ్లు చూపించనక్కర్లేదు, నియమం చూపిస్తే చాలు. "అర్హత చూసి నిర్ణయిస్తాం" అని రాసిన సంఘాల్లో సాయం బాధ్యుల చుట్టాలకే వెళ్తుంది. ఇద్దరు సభ్యులు అదే రోజు వెళ్లి చూసి, సమావేశం కోసం ఆగకుండా డబ్బు అందించే ఏర్పాటు ఉండాలి. అందుకు ఒక సాయానికి సరిపడా మొత్తాన్ని పెట్టె దాచే మనిషి దగ్గర విడిగా ఉంచి, సంతకాలు తీసుకోండి.

వారానికి 12 కూడా కట్టలేని ఇళ్లు

ఉంటాయి. పొదుపు సంఘం వాళ్లకు మందు కాదని ఒప్పుకోవడమే మొదటి మెట్టు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 2002లో ఇలాంటి ఇళ్ల కోసమే వేరే కార్యక్రమం మొదలుపెట్టింది: ముందు ఆదాయం తెచ్చే ఆస్తి, కొన్నాళ్లు తిండికి భత్యం, నేర్పే మనిషి తరచూ ఇంటికి రావడం, వైద్యం, పొదుపు, అన్నీ కలిపి సుమారు రెండేళ్లు. ఇలాంటి కార్యక్రమాలను ఆరు దేశాల్లో పరీక్షించిన అధ్యయనం 2015లో వెలువడింది. సాయం ఆగిన ఏడాది తర్వాత కూడా ఆ ఇళ్ల తిండి, ఆదాయం, ఆస్తులు మెరుగ్గానే ఉన్నాయని అందులో తేలింది. ఒకటి ఇచ్చి మరొకటి వదిలేస్తే పని జరగదు. కుట్టుమిషన్ ఇచ్చి భత్యం ఇవ్వకపోతే ఆకలికి మిషన్ అమ్ముడుపోతుంది.

మీ సంఘం ఏడాదికి ఒకటి రెండు ఇళ్లకు ఇలా చేయగలిగితే చేయండి. పది ఇళ్లకు కొంచెం కొంచెం పంచడం కన్నా అది మేలు. బయటి నుంచి విరాళం వస్తే దీనికే వాడండి, అప్పు నిధిలో కలపొద్దు. తమది కాని డబ్బును తిరిగి కట్టాలన్న పట్టుదల జనానికి తక్కువగా ఉంటుంది, వాయిదాలు తప్పడం అక్కడే మొదలవుతుంది.

డబ్బు లేకున్నా పని ఇవ్వగలిగినవాళ్లకు గంటల లెక్క పనికొస్తుంది: ఒకరికి గంట పని చేసిపెడితే, ఇంకొకరి చేత గంట పని చేయించుకోవచ్చు. జపాన్‌లో తెరుకో మిజుషిమా 1973లో ఒసాకాలో ఇలాంటిది నడిపించారు. ఎవరి గంటైనా ఒక గంటే, పాఠం చెప్పినా బట్టలుతికినా. అప్పుపడే గంటలకు, కూడబెట్టే గంటలకు 20 చొప్పున హద్దు పెట్టండి. ఇది సాధారణంగా చెడేది అడిగేవాళ్లు లేక. సాయం చేస్తామని అందరూ పేరిస్తారు, సాయం కావాలని అడగడానికి మొహమాటపడతారు. చేరేటప్పుడే చేయగలిగినవి మూడు, కావలసినవి మూడు తప్పనిసరిగా రాయించండి.

ప్రభుత్వం నుంచి రావలసినవాటి సంగతి కూడా సంఘమే చూడాలి. ఎవరికి ఏ కాగితం లేదో ఒక పట్టీ రాసి, నెలకొక సమావేశంలో అరగంట దీనికే కేటాయించండి. కార్యాలయానికి ఒంటరిగా పంపకండి, ఇద్దరిద్దరిని పంపండి. దరఖాస్తు నకలు, ఇచ్చిన తేదీ, రసీదు నంబరు సంఘం పుస్తకంలో ఉండాలి. ఒక ఇంటికి పింఛను మంజూరైతే, ఏడాది పొడుగునా పొదుపు చేసినా రానంత డబ్బు రావచ్చు.

పంపకం, మళ్లీ మొదలు

ఏడాది చివర అప్పులన్నీ వసూలయ్యాక, అప్పు నిధిని మొత్తం వాటాలతో భాగించి వాటా విలువ ప్రకటించండి. ఎవరి ముద్రలు వాళ్లే లెక్కపెట్టుకోవాలి. ఆపద నిధిని పంచొద్దు, అది తర్వాతి ఏడాదికి సాగాలి. పంపకానికి పనులు లేని నెలకు ముందు రోజులను ఎంచుకోండి, ఆ డబ్బు సరిగ్గా అవసరమైనప్పుడు చేతిలో ఉంటుంది.

డబ్బు పంచిన రోజే మూడు లెక్కలు తీయండి. 4వ కుప్ప నుంచి వచ్చిన ఏడుగురిలో ఎంతమంది మిగిలారు? ఇచ్చిన అప్పుల్లో, సాయాల్లో వాళ్లకు అందింది మూడో వంతు కన్నా తగ్గిందా? బయట అధిక వడ్డీకి తెచ్చిన అప్పు వాళ్ల ఇళ్లలో ఏడాది కిందటికన్నా ఎంత తగ్గింది? మూడో ప్రశ్నకు జవాబు కావాలంటే సంఘం మొదలైన వారంలోనే ఆ అంకె రాసిపెట్టుకుని ఉండాలి, తర్వాత అడిగితే ఎవరికీ సరిగ్గా గుర్తుండదు.

మానేసిన ప్రతి మనిషి ఇంటికీ కొత్త ఏడాది మొదలయ్యేలోపు ఇద్దరు వెళ్లాలి. ఆ ఇద్దరిలో బాధ్యులు ఉండకూడదు, వాళ్ల ఎదుట అసలు కారణం బయటికి రాదు. "వాటా భారమైందా, వేళ కుదరలేదా, ఎవరైనా మాట అన్నారా?" అని అడిగి, వచ్చిన జవాబును పేరు చెప్పకుండా సమావేశంలో పెట్టండి. కొత్త ఏడాది వాటా విలువను మళ్లీ మొదటిసారి లాగే, ఒక్కొక్కరినీ విడిగా అడిగి, చిన్న అంకె దగ్గర తేల్చండి. పెద్ద వాటా కావాలనేవాళ్లు అయిదారుగురు తేలితే వాళ్లు ఇంకో సంఘం పెట్టుకోవచ్చు, ఈ పెట్టె మాత్రం 12 కట్టగలిగిన ఇంటికి తెరిచే ఉండాలి.